జట్టు మనది, చెక్కుబుక్కు వాళ్ళది: యాజమాన్యం మీద కోపాన్ని పనికొచ్చేలా వాడుకోవడం ఎలా

"అత్తా, ఇప్పుడు ఎవరిని తిట్టాలి?" అన్నాడు మా మేనల్లుడు. 2025లో మా ఊరి ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకున్న రోజుల మాట. వాడికి పదహారేళ్ళు. బీరువాలో పసుపు జెర్సీ ఉంది, ఊళ్ళో జట్టు లేదు. వాడికి చెప్పినవన్నీ, వాడి స్నేహితులు అడిగితే చెప్పినవన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మీ జట్టు ఇంకేదైనా కావచ్చు. మీరు కొచ్చి జట్టుకో, కలకత్తా జట్టుకో, అర్ధరాత్రి దాకా మేలుకొని చూసే మాంచెస్టర్ జట్టుకో అభిమాని అయినా ఇందులో చాలా భాగం మీకూ పనికొస్తుంది.

నా గురించి రెండు మాటలు. రాణీగంజ్‌లో మోటార్లూ పంపులూ అమ్మే ఒక షాపులో లెక్కలు రాస్తాను. మా నాన్న చిన్నప్పుడు ఫతే మైదాన్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ ఆట చూసిన మనిషి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచిన జట్టు అది. ఆ జట్టుకీ, భారత జట్టుకీ కోచ్‌గా ఉన్న రహీం సాబ్ పేరు వస్తే చాలు, మా నాన్న చేతిలో అన్నం ముద్ద అలాగే ఆగిపోయేది. భారత జట్టుకి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం, ఇవన్నీ మా ఇంట్లో చుట్టాల పెళ్ళి ముచ్చట్లలా వినిపించేవి. అందుకే ఈ పిచ్చి. లెక్కలు రాసే పని కాబట్టి, కోపం వచ్చినప్పుడు నేను ముందు అంకెలు చూస్తాను.

కోపం ఎవరి మీదో ముందు తేల్చుకోండి

హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) పట్టికలో రెండుసార్లు అట్టడుగున నిలిచింది. 2019-20లో ఒకసారి, 2023-24లో ఇంకోసారి. చూడటానికి రెండూ ఒకటే, కానీ జబ్బులు వేరు.

మొదటిది కొత్త జట్టు కష్టం. పుణె సిటీ మూతపడితే ఆ స్థానంలో 2019లో హడావుడిగా పుట్టిన జట్టు. 18 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లు. మధ్యలో కోచ్ ఫిల్ బ్రౌన్‌ని తీసేశారు. అది ఆట సమస్య, ఆటతోనే తీరింది. మనోలో మార్కెజ్ వచ్చాడు, కుర్రాళ్ళని నిలబెట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో, ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో 3-1తో ఓడించి కప్పు తెచ్చారు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన ఆ షాట్ గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

రెండోది డబ్బు జబ్బు. జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్ళని రిజిస్టర్ చేయకూడదని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఆంక్షలు, సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్ళలో ఎక్కువమంది వెళ్ళిపోవడం. మిగిలిన కుర్రాళ్ళతో థాంగ్‌బోయ్ సింగ్తో అనే కోచ్ సీజన్ లాక్కొచ్చాడు. 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, 8 పాయింట్లు. ఆ ఏడాది స్టాండ్లో నా వెనక వరసలో ఒకాయన ప్రతి మ్యాచ్‌కీ సింగ్తోని తిట్టేవాడు. చేతిలో పిండే లేకపోతే వంటాయన రొట్టె ఎలా చేస్తాడు?

కాబట్టి తిట్టే ముందు ఈ ప్రశ్న వేసుకోండి: ఈ తప్పు రేపు ఇంకో కోచ్ వస్తే పోతుందా? పోతుందంటే అది ఆట కోపం. నాలుగు రోజులు ఓపిక పట్టండి. పోదంటే అది యాజమాన్యం కోపం, ఈ వ్యాసం దాని కోసమే. మూడో రకం కూడా ఉంది. 2025 జులైలో ఐఎస్‌ఎల్ సీజన్‌నే పక్కన పెట్టారు. దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్‌కీ, లీగ్ నడిపే కంపెనీకీ మధ్య హక్కుల ఒప్పందం తేలకపోవడమే కారణం. అలాంటప్పుడు మీ క్లబ్ ఓనర్ గేటు ముందు అరిచి ఏం లాభం? అతను కూడా మీలాగే ఢిల్లీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

కాగితాలు చదవండి

ఇది ఎవరూ చేయరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇక్కడి క్లబ్బుల్లో చాలావాటి వెనక ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉంటుంది. జెర్సీ మీద ఒక పేరు, కంపెనీకి ఇంకో పేరు. టికెట్ కింద చిన్న అక్షరాల్లోనో, వెబ్‌సైట్‌లో షరతుల పేజీ చివరనో కంపెనీ పేరు దొరుకుతుంది. ఆ పేరు పట్టుకొని కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో లాగిన్ చేసి, 100 రూపాయలు కడితే కంపెనీ దాఖలు చేసిన కాగితాలు చూడొచ్చు. బ్యాలెన్స్ షీట్, డైరెక్టర్ల పేర్లు, కంపెనీ ఆస్తుల మీద ఉన్న అప్పులు, అన్నీ అక్కడే.

తెరిచాక లాభనష్టాల అంకె చూసి గుండె బాదుకోకండి. ఫుట్‌బాల్ క్లబ్‌కి నష్టం రావడం వింత కాదు. ఇక్కడ చాలా క్లబ్బులు యజమాని జేబులోంచే నడుస్తాయి. చూడాల్సింది నాలుగు చోట్ల. ఒకటి, ఉద్యోగుల జీతభత్యాల ఖర్చు కిందటేడు కంటే ఒక్కసారిగా పడిపోయిందా. రెండు, చెల్లించాల్సిన బకాయిలు ఎంత పెరిగాయి. మూడు, డైరెక్టర్లు, వాళ్ళ ఇతర కంపెనీలు ఇచ్చిన అప్పులు. ఆ అప్పు ఆగిందంటే క్లబ్‌కి నీళ్ళ ట్యాంకర్ ఆగినట్టే. నాలుగోది ముఖ్యం: ఆడిటర్ రిపోర్ట్‌లో "గోయింగ్ కన్సర్న్" అన్న మాట దగ్గర ఆగండి. కంపెనీ ఇలాగే నడవగలదా లేదా అన్న అనుమానం ఆడిటర్‌కి ఉంటే అక్కడే రాస్తాడు, అదీ చాలా మర్యాదగా. ఆ మర్యాద చూసి మోసపోవద్దు. నా ఇన్నేళ్ళ అనుభవంలో ఆడిటర్ అంత మర్యాదగా రాశాడంటే పరిస్థితి బాగా ముదిరినట్టే.

ఒక ఇబ్బంది ఏమిటంటే ఈ కాగితాలు ఆలస్యంగా వస్తాయి. ఇవాళ మీకు కనిపించేది కిందటేడు సంగతి. అందుకే రెండు తాజా ఆధారాలు కూడా చూసుకోండి. రిజిస్ట్రేషన్ నిషేధం ఉన్న క్లబ్బుల జాబితాని ఫిఫా తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఏటా క్లబ్ లైసెన్సింగ్ ఫలితాలని ఫెడరేషన్ ప్రకటిస్తుంది. అందులో ఆర్థిక ప్రమాణాలు ఒక భాగం. మీ క్లబ్‌కి లైసెన్స్ నేరుగా వచ్చిందా, మినహాయింపు అడిగి తెచ్చుకుందా చూడండి.

ఇంకోటి తెలుసుకోండి. రెండు నెలల జీతం బకాయి పడితే ఆటగాడు క్లబ్‌కి 15 రోజుల నోటీసు ఇచ్చి, అప్పటికీ డబ్బు రాకపోతే కాంట్రాక్ట్ వదిలేసి పోవచ్చని ఫిఫా నిబంధన ఉంది. అలా పోయినవాడిని "ద్రోహి" అని ఇన్‌స్టాలో రాసేవాళ్ళు మీ గుంపులో ఉంటే ఈ పేరా చూపించండి. నా జీతం రెండు నెలలు ఆపితే మూడో నెల నేను షాపు షట్టర్ కూడా ఎత్తను.

క్లబ్ ప్రైవేటు కంపెనీ కనుక దానికి సమాచార హక్కు దరఖాస్తు పెడితే పని జరగదు. కానీ మన జట్టు ఆడిన గచ్చిబౌలి స్టేడియం ప్రభుత్వానిది. అద్దె ఎంత, ఏయే తేదీలకి బుక్ చేశారు, ఎంత బకాయి ఉంది లాంటి ప్రశ్నలు క్రీడా ప్రాధికార సంస్థకి వేయొచ్చు. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. వచ్చే సీజన్‌కి స్టేడియం బుక్ కాలేదని తెలిస్తే, ప్రెస్‌మీట్ పెట్టేదాకా ఆగకుండానే మీకు విషయం అర్థమైపోతుంది.

ఒక్క డిమాండ్, ఒక్క వాక్యం

"మేనేజ్‌మెంట్ మారాలి" అన్నది డిమాండ్ కాదు, నిట్టూర్పు. దానికి ఎవరూ అవుననరు, కాదనరు. అవునో కాదో చెప్పి తీరాల్సిన మాట అడగాలి.

2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ యాజమాన్యం కొత్త స్టాండ్లో ఖరీదైన టికెట్ ధర 77 పౌండ్లు చేస్తామంది. సండర్లాండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషానికి వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి 2-0తో ముందున్న జట్టు ఆ తర్వాత రెండు గోల్స్ ఇచ్చుకొని డ్రా చేసుకుంది. నాలుగు రోజుల్లో యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకున్నారు. అంకె ఒకటే, నిమిషం ఒకటే, కాబట్టి టీవీలో చూసేవాడికి కూడా వివరించక్కర్లేకుండా అర్థమైంది.

మన దేశంలో ఉదాహరణ కావాలంటే మోహన్ బగాన్. 1889లో పుట్టిన క్లబ్. 2020లో కలకత్తాలోనే ఉన్న ఏటీకే అనే ఐఎస్‌ఎల్ జట్టుతో కలిసి, పేరు ముందు ఆ మూడక్షరాలు చేరాయి. అభిమానులకి అది ఒంటికి పట్టలేదు. "రిమూవ్ ఏటీకే", ఇంతే వాళ్ళ నినాదం. జట్టు గెలిచినా అదే, ఓడినా అదే. 2023 మార్చిలో జట్టు ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన రాత్రే యజమాని సంజీవ్ గోయెంకా పేరు మారుస్తున్నట్టు ప్రకటించాడు. గెలిచినప్పుడు కూడా అడగడం ఆపలేదు చూశారా, అక్కడుంది కిటుకు. మనవాళ్ళు రెండు మ్యాచ్‌లు గెలవగానే బ్యానర్ మడిచేస్తారు.

జర్మనీలో లీగ్ ప్రసార ఆదాయంలో వాటాని ప్రైవేటు పెట్టుబడిదారుకి అమ్మాలనుకుంటే, అభిమానులు వారాల తరబడి మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపారు. 2024 ఫిబ్రవరి 21న లీగ్ ఆ ప్రయత్నం మానుకుంది. చూసి మురిసిపోండి కానీ ఇక్కడ చేయకండి. అక్కడ క్లబ్‌లో సగానికి పైగా ఓటు హక్కు సభ్యుల చేతిలో ఉంటుంది. ఇక్కడ బంతి విసిరితే మీ చేతిలో మిగిలేది పోలీస్ కేసే.

బ్యానర్ ఎలా రాయాలి

ఫ్లెక్స్ కొట్టించొద్దు. ఫ్లడ్‌లైట్ పడితే మెరిసి ఒక్క అక్షరం కనిపించదు, పైగా పుట్టినరోజు ఫ్లెక్స్ అనుకుంటారు. మామూలు తెల్ల నూలు గుడ్డ కొనండి. ఒకసారి తడిపి ఆరేయండి, గంజి పోతుంది. ఎనామిల్ పెయింట్ వాడితే గుడ్డ అట్టలా బిగుసుకుపోయి మడత దగ్గర పగులుతుంది, వాసన రెండు రోజులు ఇల్లంతా ఉంటుంది. గోడలకి వేసే ఎమల్షన్ రంగు కొంచెం నీళ్ళు కలిపి వేస్తే చాలు, మధ్యాహ్నం రాస్తే సాయంత్రానికి ఆరిపోతుంది. కింద పాత పేపర్లు పరవడం మర్చిపోకండి. మా డాబా మీద ఇప్పటికీ పసుపు రంగులో సగం "క" ఉంది.

ఆ "క" మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణిది. ఫైనల్ పెనాల్టీల్లో ఆయన ఆపినవాటికి మెచ్చి నేనూ మేనల్లుడూ రాసిన బ్యానర్. అక్షరాలు అడుగు ఎత్తు రాశాం, భలే వచ్చిందనుకున్నాం. అవతలి స్టాండ్లోంచి తీసిన ఫొటోలో చూస్తే "ట" కింద ఒత్తు మాయం, ఆయన కటిమణి అయిపోయాడు. అప్పట్నుంచి మా ఇంట్లో ఒక నియమం: ఒత్తులు తక్కువున్న మాటలు చూసుకోవాలి, ఒత్తు తప్పకపోతే అక్షరమంత పెద్దదిగా వేయాలి. "యాజమాన్య నిర్లక్ష్యం నశించాలి" అని రాస్తే దూరం నుంచి దోమలు వాలినట్టుంటుంది. "ముందు జీతాలు" అని రాయండి. చదవడం తేలిక, కాదనడం కష్టం.

కట్టే చోటు ప్రసార కెమెరాకి ఎదుటి స్టాండ్. కెమెరా ఉన్న వైపే కడితే వెనక కూర్చున్నవాళ్ళకి అడ్డం తప్ప ఇంకేమీ కాదు. కర్రలు, రాడ్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు, కాబట్టి అంచులకి నాడాలు కుట్టి రెయిలింగ్‌కి కట్టుకోండి. బ్యానర్‌ని గేటు దగ్గర విప్పి చూపించమంటారు, చూపించండి. బూతు, కులం, మతం, ఇంట్లో ఆడవాళ్ళ ప్రస్తావన, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా లోపలికి పోదు. పోకపోవడమే న్యాయం.

మ్యాచ్‌కి వెళ్ళడం మానేయాలా?

దీని మీదే గొడవలు ఎక్కువ, స్నేహాలు కూడా తెగుతాయి. నా లెక్క ఇది. మీరు రాకపోతే ఎవరికి నష్టమో చూడండి. కొచ్చిలో కలూర్ స్టేడియం పసుపు సముద్రంలా ఉంటుంది. 2024-25లో కేరళ బ్లాస్టర్స్ అభిమానుల సంఘం మంజప్పడ వాళ్ళు యాజమాన్యం మీద నిరసనకి దిగితే దేశమంతా మాట్లాడుకుంది. నిండిన చోట ఖాళీ కనిపిస్తుంది. మన జట్టు ఉన్నప్పుడు గచ్చిబౌలిలో సగం కుర్చీలు ఎప్పుడూ ఖాళీగానే ఉండేవి. అక్కడ బహిష్కరణ అంటే ఎవరికీ తెలియకుండా అలగడం. పైగా "ఈ ఊళ్ళో జనం రావడం లేదు" అన్న సాకు వాళ్ళకి మనమే చేతికిచ్చినట్టవుతుంది.

కాబట్టి మీ స్టేడియం నిండేదైతే బయట నిలబడండి. నిండనిదైతే లోపలే ఉండి అడగండి. కొనడం ఆపాలనుకుంటే ముందు జెర్సీలు, కప్పులు, టోపీలు ఆపండి. ఆటగాడికి కావాల్సింది చప్పట్లు, ఓనర్‌కి కావాల్సింది అమ్మకాలు. రెంటినీ విడదీయొచ్చు.

సీజన్ టికెట్ డబ్బు ముందే కట్టి ఇరుక్కుపోతే రసీదు, కట్టిన స్క్రీన్‌షాట్, షరతుల పేజీ పీడీఎఫ్ మూడూ దాచుకోండి. ఒకసారి ఆట టికెట్లు అమ్మిన ఒక సంస్థతో నాకు ఇలాంటి పేచీ వచ్చింది. ఫోన్‌లో ఎంత అరిచినా కదలని మనిషి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నంబరు తీసుకొని చెప్పగానే "మేడమ్" అన్నాడు.

జట్టే వెళ్ళిపోతే

వెళ్ళిపోయిన జట్టుని ఢిల్లీ దాకా ప్రేమించాలా అంటే, నా వరకు నేను చేయను. మీరు చేస్తే తప్పు పట్టను. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. మనకి జట్టు వచ్చింది పుణె పోగొట్టుకుంటేనే. అదే 2019లో ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఇప్పుడు మనది ఢిల్లీ చేరింది. ఫ్రాంచైజీ అద్దె ఇంట్లో ఉంటుంది, ఎప్పుడు ఖాళీ చేస్తుందో దానికే తెలియదు.

దీనికి విరుగుడు ఇంగ్లండ్‌లో ఒక ఊరివాళ్ళు చూపించారు. 1988లో ఎఫ్‌ఏ కప్ గెలిచిన వింబుల్డన్ జట్టుని మిల్టన్ కీన్స్‌కి తరలించడానికి 2002లో అనుమతి వచ్చింది. అభిమానులు ఏడుస్తూ కూర్చోలేదు. వారాల్లో ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టారు, పార్కులో ఎవరైనా రావొచ్చని ట్రయల్స్ పెట్టి ఆటగాళ్ళని ఎంచుకున్నారు. అట్టడుగు లీగుల నుంచి మొదలుపెట్టి 2011కల్లా ప్రొఫెషనల్ లీగ్‌లోకి ఎక్కారు. 2020లో పాత వీధిలోనే, ప్లౌ లేన్‌లో, సొంత మైదానానికి తిరిగొచ్చారు. అంత పని మనం చేయగలమా? ఇవాళైతే చేయలేం. వాళ్ళకి కింద మెట్ల మీద మెట్లున్నాయి, గెలిస్తే ఎక్కొచ్చు. మన మెట్లు ఇంకా గట్టిపడలేదు.

ఇక్కడ మన ఊళ్ళో చేయగలిగినవి ఉన్నాయి. శ్రీనిధి దక్కన్, ఐఎస్‌ఎల్ కింది మెట్టు అయిన ఐ-లీగ్‌లో ఆడి 2022-23లోనూ, 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచిన జట్టు. దక్కన్ అరీనాలో వాళ్ళ మ్యాచ్‌కి వెళ్తే ఆటగాడి బూటు చప్పుడు కూడా వినిపించేంత దగ్గరగా కూర్చోవచ్చు. పెద్ద మ్యాచ్‌లూ అప్పుడప్పుడు వస్తాయి. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలోనే జరిగింది, బెంగాల్ 1-0తో కేరళని ఓడించింది. ఊరంతా న్యూ ఇయర్ కేకులు కొంటుంటే మేం స్టాండ్లో ఉన్నాం.

అన్నిటికంటే ముందు మీ పేటలో ఆడే జట్టు. 1962లో బంగారం గెలిచిన జట్టులో ఆడిన బల్‌రామ్ పుట్టి పెరిగింది సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో, ఏ అకాడమీలోనూ కాదు. స్థానిక లీగ్ మ్యాచ్‌లకి టికెట్ ఉండదు, స్కోర్‌బోర్డు ఉండదు, కుర్చీ దొరికితే అదృష్టం. మ్యాచ్ తేదీలు ఏ యాప్‌లోనూ ఉండవు. సాయంత్రం ఐదింటికి గ్రౌండ్‌కి వెళ్ళి, బంతులున్న వల భుజాన వేసుకున్న మనిషిని అడిగితే చెప్తాడు. ఇంకో సౌకర్యం ఉంది. అక్కడ యాజమాన్యం కోసం కంపెనీ కాగితాలు వెతకక్కర్లేదు. క్లబ్ సెక్రటరీ టచ్‌లైన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చొని ఉంటాడు. "అన్నా, పిల్లలకి షిన్‌గార్డులు ఎప్పుడు కొంటున్నారు?" అని నేరుగా అడగొచ్చు. సగం డబ్బు నువ్వే ఇవ్వక్కా అంటాడు, దానికి సిద్ధపడి వెళ్ళండి.